ఎవరూ వాడని పోకెమాన్‌తో గెలిచే టీమ్ కట్టడం ఎలా?

నల్గొండలోనైనా, పాలమూరులోనైనా పోకెమాన్‌ను పోటీగా ఆడే కుర్రాళ్లలో చాలామంది దగ్గర నింటెండో స్విచ్ ఉండదు. ఫోన్ ఉంటుంది, రోజువారీ డేటా ఉంటుంది, బ్రౌజర్‌లో పోకెమాన్ షోడౌన్ అనే బ్యాటిల్ సైట్ తెరుచుకుంటుంది. ఈ ఆట నేర్చుకోవడానికి అంతకు మించి ఏమీ అక్కర్లేదు. షోడౌన్‌లో పైసా ఖర్చు లేదు, పోకెమాన్‌ను పట్టి పెంచే పని లేదు. పోకెమాన్ పేరు కొట్టి, అది వేసే నాలుగు మూవ్స్ (దెబ్బలు, ఎత్తులు) ఎంచి, వెంట ఉంచుకునే ఐటెమ్ పెడితే టీమ్ తయారు. అందుకే ప్రయోగాలు చేయదలిచినవాళ్లకు దీన్ని మించిన చోటు లేదు.

కానీ ర్యాంకు కోసం ఆడే లాడర్ ఎక్కగానే కనిపించేది అవే ముఖాలు. వెయ్యికి పైగా పోకెమాన్లు ఉన్న ఆటలో ఎవరిని చూసినా ఇన్సినెరోర్, అమూంగస్, ఆ కాలంలో నడుస్తున్న మరో పది పేర్లు. నెట్‌లో దొరికిన టీమ్‌ను మక్కీకి మక్కీ దించుకుని ఆడటం తప్పేమీ కాదు. నేర్చుకునే దశలో అది మంచిదే. అయితే మీకంటూ ఒక టీమ్ కావాలని, ఎవరూ వాడని పోకెమాన్‌ను తెచ్చి గెలవాలని మీకు నిజంగా ఉంటే దానికి ఒక పద్ధతి ఉంది. ఇక్కడ చెప్పేదంతా డబుల్స్ గురించే. ఆరుగురితో టీమ్, ఆటకు నలుగురి ఎంపిక, ఒకేసారి ఇద్దరు బరిలో, అందరూ లెవెల్ 50.

ముందు ఒక మాట. వింత టీమ్ కట్టేవాళ్లలో ఎక్కువమంది ‘ఎదుటివాడికి తెలియదు కాబట్టి గెలుస్తాం’ అన్న ధీమా మీద కడతారు. ఆ ధీమా ఒక్క ఆటకే పనికొస్తుంది. పెద్ద టోర్నమెంట్లలో మూడాటల్లో రెండు గెలవాలి. పైగా ఆట మొదలవకముందే మీ పోకెమాన్ల మూవ్స్, ఐటెమ్స్, ఎబిలిటీలు (వాటికుండే ప్రత్యేక గుణాలు) అన్నీ ఎదుటివాడి చేతికి కాగితం మీద వెళ్తాయి. షోడౌన్‌లో మూడాటల ఫార్మాట్‌లోనూ అంతే. మీ ప్లాన్ మొత్తం చదివేసినవాడి మీద కూడా నడిచే టీమ్ మీకు కావాలి. కాబట్టి వింత పోకెమాన్‌ను ఎంచుకోవాల్సింది అది చేయగల పనిని చూసి.

పచిరిసు ఎందుకు గెలిచింది?

2014లో వాషింగ్టన్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో దక్షిణ కొరియా ఆటగాడు సెజున్ పార్క్ పచిరిసుతో విజేత అయ్యాడు. చిన్న తెల్ల ఉడుత అది. బేస్ స్టాట్స్, అంటే ఆ జాతికి ఉండే బలాల అంకెలు, అన్నీ కలిపితే 405. ఆ స్థాయిలో దాన్ని ఎవరూ లెక్కలోకే తీసుకోలేదు. ఇప్పటికీ ఆ గెలుపును ‘ముద్దొచ్చే పోకెమాన్‌తో అద్భుతం’ అని చెప్పుకుంటారు. టీమ్ మొత్తం ఎదురుగా పెట్టుకుని చూడండి, అందులో అద్భుతమేమీ లేదు, లెక్క ఉంది.

మిగతా ఐదుగురు గ్యారడోస్, టాలన్‌ఫ్లేమ్, గార్‌చాంప్, గార్డెవోర్, గోథిటెల్. ఒక్కరు కూడా బలహీనులు కారు. గ్యారడోస్ మామూలు రూపంలో విద్యుత్ దెబ్బ తింటే నాలుగు రెట్లు నష్టం. పచిరిసు ఎబిలిటీ వోల్ట్ అబ్సార్బ్. విద్యుత్ దెబ్బ తగిలితే దానికి నష్టం ఉండదు, పైగా హెచ్‌పీలో, అంటే ప్రాణశక్తిలో, పావు వంతు తిరిగొస్తుంది. ఫాలో మీ అనే మూవ్‌తో ఎదుటివాళ్లు ఒక్కరి మీద గురిపెట్టిన దెబ్బలన్నీ తన మీదికి లాక్కుంటుంది. కబడ్డీలో బక్కపల్చని కుర్రాణ్ని ముందు నిలబెట్టి రైడర్‌ను లోపలికి రానిస్తారు చూడండి, అదే ఎత్తు. పచిరిసు కాసేపు దెబ్బలు కాసుకుంటే చాలు, ఆ లోపల గ్యారడోస్ పని పూర్తి చేస్తుంది. సూపర్ ఫ్యాంగ్ ఎంత లావు పోకెమాన్ హెచ్‌పీనైనా సగానికి కోస్తుంది. దానికి తన అటాక్ 45 మాత్రమే అన్నది అడ్డే కాదు.

ఇందులో గమనించాల్సింది ఒకటే. ఫాలో మీ, విద్యుత్ నుంచి కాపాడటం, హెచ్‌పీ సగానికి కోయడం, ఈ మూడూ కలిపి ఒకే చోట ఆ టీమ్‌కు కావాలి. పేరున్న పోకెమాన్లలో ఆ మూడూ ఉన్నది దొరకలేదు, ఉడుతలో దొరికింది. మీరు వెతకాల్సింది కూడా ఇలాంటిదే.

మీ పోకెమాన్‌కు పని వెతకండి

మీకు నచ్చిన పోకెమాన్‌తోనే మొదలుపెట్టండి. ఇష్టం లేకుండా ఇంత ఓపిక ఎవరికీ రాదు. తర్వాత దాని పేజీ తెరిచి ఎబిలిటీలు, మొత్తం మూవ్స్ జాబితా చదవండి. ‘ఇది చేసే పనిని ఇంతకన్నా బాగా చేసే పోకెమాన్ ఏదైనా ఉందా?’ అని అడగండి. ఉంటే మీది ఓడిపోతుంది. లేకపోతే మీకు టీమ్ దొరికినట్టే.

నేను అరాక్వానిడ్ అనే నీటి సాలీడును ఉదాహరణగా తీసుకుంటాను. తల చుట్టూ నీటి బుడగ ఉంటుంది. మా బ్యాచ్‌లో పాలమూరు నుంచి ఆడే తమ్ముడు దాన్ని మొదటిసారి చూసి, “అన్నా, గీ సాలీడు ఎందుకే నీకు?” అన్నాడు. జవాబు దాని ఎబిలిటీలో ఉంది. వాటర్ బబుల్ వల్ల దాని నీటి మూవ్స్ బలం రెట్టింపు అవుతుంది. దాని మీద పడే నిప్పు దెబ్బ సగం అవుతుంది. దానికి కాలిన గాయం, అంటే బర్న్, అసలు అంటదు.

కాగితం మీద లెక్క వేయండి. లిక్విడేషన్ బలం 85. బబుల్‌తో 170. మూవ్‌దీ పోకెమాన్‌దీ ఒకే టైప్ (ఇక్కడ నీరు) కాబట్టి ఒకటిన్నర రెట్లు, అంటే 255. అటాక్ బేస్ 70 అని చూసి నవ్వేవాళ్లు ఈ 255ను చూడరు. దీనికి తోడు వైడ్ గార్డ్ ఉంది. ఇద్దరికీ ఒకేసారి తగిలే రాక్ స్లైడ్, హీట్ వేవ్, ఎరప్షన్ లాంటి మూవ్స్‌ను ఆ టర్న్‌కు ఆపేస్తుంది. గట్టిగా కొట్టగలిగి, నిప్పును తట్టుకుని, పక్కవాణ్ని కూడా కాపాడే నీటి పోకెమాన్లు ఎన్ని ఉన్నాయో వెతికి చూడండి. అందుకే ఇది నిలుస్తుంది.

ఇదే ప్రశ్న సన్‌కెర్న్‌కు వేస్తే జవాబు దొరకదు. బేస్ స్టాట్స్ మొత్తం 180. అది చేయగల ప్రతి పనినీ ఇంకొకటి ఇంకా బాగా చేస్తుంది. దాన్ని ఇష్టపడండి, మిత్రులతో సరదాగా ఆడండి, లాడర్‌కు మాత్రం తేవద్దు.

స్పీడును తిప్పడమా, పెంచడమా?

అరాక్వానిడ్ బేస్ స్పీడ్ 42. మామూలుగా ఆడితే కొట్టేలోపే పడిపోతుంది. వింత పోకెమాన్లలో చాలావాటి రోగం ఇదే. మందులు రెండు. టెయిల్‌విండ్ మీ వైపు స్పీడును నాలుగు టర్న్‌ల పాటు రెట్టింపు చేస్తుంది. ట్రిక్ రూమ్ ఐదు టర్న్‌ల పాటు వరుసనే తిప్పేస్తుంది, అందరికన్నా నెమ్మదైనది ముందు కొడుతుంది. 42కు రెట్టింపు చేసినా పెద్దగా ఒరిగేదేం లేదు. ట్రిక్ రూమ్‌లో అదే 42 వరంగా మారుతుంది.

అలాంటప్పుడు స్పీడును కావాలనే తగ్గించాలి. స్పీడ్ ఐవీ, అంటే పుట్టుకతో వచ్చే అదనపు అంకె, సున్నా పెట్టండి, స్పీడును పది శాతం కోసి అటాక్‌ను పది శాతం పెంచే బ్రేవ్ నేచర్ ఇవ్వండి. లెవెల్ 50లో లెక్క ఇలా ఉంటుంది. బేస్ 42ను రెట్టించి సగం చేస్తే మళ్లీ 42, ఐదు కలిపితే 47, పది శాతం పోతే 42.3, దశాంశం వదిలేస్తే 42. ఈవీలు, అంటే శిక్షణతో పెంచే పాయింట్లు, 510కి మించి ఇవ్వలేం, ఒక్కోదానికి 252 వరకే. హెచ్‌పీకి 252, అటాక్‌కు 252, మిగిలిన దాంట్లో నాలుగు స్పెషల్ డిఫెన్స్‌కు ఇవ్వండి. హెచ్‌పీ 175, అటాక్ 134 వస్తాయి. ఈ అంకెలు మీరే చేత్తో వేసి చూడండి. లెక్క ఒకసారి చేతికి పట్టుబడితే వేరే ఏ పోకెమాన్‌కైనా రెండు నిమిషాల్లో వేయగలరు.

ట్రిక్ రూమ్ టర్న్‌ల విషయంలో చాలామంది పొరపడతారు. వేసిన టర్న్ కూడా ఐదులో లెక్కే. అంటే చేతిలో మిగిలేవి నాలుగు. అందులో ఒకటి మార్పిడికి పోతే మూడే దెబ్బలు. ట్రిక్ రూమ్ ఉండగా మళ్లీ అదే మూవ్ ఎవరు వేసినా రద్దయిపోతుంది, అదీ గుర్తుంచుకోండి.

చుట్టూ ఎవరిని నిలబెట్టాలి?

అరాక్వానిడ్ నీరు, పురుగు టైప్. దానికి పడనివి మూడు: విద్యుత్, రాయి, ఎగిరే టైప్. ఈ మూడింటినీ మోయగలిగినవాడు పక్కనుండాలి. రైపీరియర్‌ను చూడండి. భూమి, రాయి టైప్. లైట్నింగ్ రాడ్ ఎబిలిటీ ఇస్తే ఎదుటివాడు ఒక్కరి మీద గురిపెట్టిన విద్యుత్ మూవ్‌ను తనవైపు లాక్కుంటుంది. దానికి నష్టం సున్నా. రాక్ స్లైడ్‌తో ఎగిరేవాటిని రాలగొడుతుంది. బేస్ స్పీడ్ 40, అదే లెక్కన కనిష్ఠం 40 వస్తుంది, ట్రిక్ రూమ్‌లో సాలీడుకన్నా ముందే కొడుతుంది. భూమి మూవ్‌గా భూకంపం పెట్టకండి, అది పక్కవాడికి కూడా తగులుతుంది. హై హార్స్‌పవర్ పెట్టండి.

నీటి దెబ్బన్నా గడ్డి దెబ్బన్నా రైపీరియర్‌కు నాలుగు రెట్లు నష్టం. ఆ నీటి దెబ్బను సాలీడు సగానికి తట్టుకుంటుంది. గడ్డికి మాత్రం వేరే మనిషి కావాలి.

ట్రిక్ రూమ్ వేయడానికి ఫారిజిరాఫ్. దీని ఎబిలిటీ ఆర్మర్ టెయిల్ ఈ టీమ్‌కు ప్రాణం. ఎదుటివాళ్లు మీ మీద వేసే ప్రయారిటీ మూవ్స్, అంటే స్పీడుతో పని లేకుండా ముందే పడేవి, ఏవీ పారవు. మొదటి టర్న్‌లో తుళ్లిపడేలా చేసే ఫేక్ అవుట్ వేసి మీ ట్రిక్ రూమ్ ఆపుదామంటే కుదరదు. దెబ్బ కాని మూవ్స్‌ను అడ్డుకునే టాంట్‌ను ప్రాంక్‌స్టర్ ఎబిలిటీతో ముందుగా వేద్దామన్నా కుదరదు. మామూలుగా వేగం ఉన్నవాడు వేసే టాంట్ మాత్రం తగులుతుంది, దానికి మెంటల్ హెర్బ్ ఐటెమ్ ఇవ్వండి.

ఇప్పుడు వింత పోకెమాన్ల అభిమానులకు నచ్చని సలహా ఒకటి చెప్తాను. నాలుగో చోటులో ఇన్సినెరోర్‌ను పెట్టండి. అందరూ వాడే పోకెమాన్‌ను పెడితే టీమ్ ప్రత్యేకత పోతుందని కొందరు పట్టుబడతారు. నేను ఒప్పుకోను. పచిరిసు పక్కన ఉన్నవి మామూలువి కావని ఇందాకే చూశాం. ఇన్సినెరోర్ గడ్డి దెబ్బను తట్టుకుంటుంది, బరిలోకి వస్తూనే ఇంటిమిడేట్‌తో ఎదుటివాళ్ల అటాక్ తగ్గిస్తుంది, పార్టింగ్ షాట్ వేసి తన చోటులోకి సాలీడును దింపుతుంది. ఒక్క వింత పోకెమాన్ నిలదొక్కుకోవాలంటే పక్కన ఇలాంటి నమ్మకస్తులు ఉండాలి.

ఐదోది అమూంగస్. స్పోర్‌తో నిద్రపుచ్చుతుంది, రేజ్ పౌడర్‌తో దెబ్బలు కాసుకుంటుంది. ఆరోది డ్రాగొనైట్. ట్రిక్ రూమ్ పడని రోజు కూడా ఒకటి ఉంటుంది కదా! ఎక్స్‌ట్రీమ్ స్పీడ్ ప్రయారిటీ మూవ్, వరుస ఎటు తిరిగినా ముందే తగులుతుంది. ఎదుట కూడా ఫారిజిరాఫ్ ఉంటే, దెయ్యం టైప్ ఉంటే మాత్రం దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఒకే ఐటెమ్ ఇద్దరికి ఇవ్వకూడదు, ఒకే పోకెమాన్ రెండుసార్లు ఉండకూడదు. ఏ పోకెమాన్లకు అనుమతి ఉందన్నది రెగ్యులేషన్‌ను, అంటే అప్పుడు నడుస్తున్న నిబంధనలను బట్టి మారుతూ ఉంటుంది. షోడౌన్ టీమ్‌బిల్డర్‌లో వాలిడేట్ బటన్ నొక్కితే తప్పేదైనా ఉంటే అదే చెబుతుంది. నా ఉదాహరణలోది మీ ఫార్మాట్‌లో కుదరకపోతే ఆ పని చేసే ఇంకొకరిని వెతకండి.

అమూంగస్ ఎదురైతే

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. ట్రిక్ రూమ్ టీమ్‌లను కూల్చేది ఎక్కువగా ఇదే. అమూంగస్ బేస్ స్పీడ్ 30, కనిష్ఠ స్పీడ్ 31. మీ సాలీడు 42, రైపీరియర్ 40. మీరే కష్టపడి వేసిన ట్రిక్ రూమ్‌లో ఎదుటి అమూంగస్ మీకన్నా ముందు లేచి స్పోర్ చల్లుతుంది. మీ చేతిలో ఉన్న నాలుగు టర్న్‌లలో చాలావరకు నిద్రలోనే పోతాయి.

చాలామంది అరాక్వానిడ్‌కు నీటి మూవ్స్ పెంచే మిస్టిక్ వాటర్ ఇస్తారు. నేను సేఫ్టీ గాగుల్స్ ఇస్తాను. స్పోర్ అంటదు. రేజ్ పౌడర్ వేసి దెబ్బను తనవైపు లాక్కోవాలని చూసినా ఈ కళ్లద్దాలున్నవాడి మీద పారదు, మీరు అనుకున్నవాణ్నే కొడతారు. 255 బలం ఉన్న మూవ్‌కు ఇంకో ఇరవై శాతం కలపడంకన్నా కొట్టే అవకాశం చేజారకపోవడం మేలు.

టెరాస్టల్, అంటే ఆట మధ్యలో పోకెమాన్ టైప్‌ను మార్చే వీలు ఉన్న ఫార్మాట్‌లో సాలీడుకు నీటి టెరా పెట్టండి. నీటి మూవ్‌కు ఒకటిన్నర బదులు రెండు రెట్లు వస్తుంది, 255 కాస్తా 340 అవుతుంది. పురుగు టైప్ పోతుంది కాబట్టి రాయి, ఎగిరే టైప్ భయాలూ పోతాయి. కొత్తగా గడ్డి భయం వస్తుంది. విద్యుత్‌కు రైపీరియర్ ఉంది, గడ్డికి ఇన్సినెరోర్ ఉంది. టెరా ఆటకు ఒక్కసారే, కంగారుపడి మొదటి టర్న్‌లోనే తగలేయొద్దు.

మొదటి రెండు టర్న్‌లు

ఎదుట విమ్సికాట్, పక్కన గట్టిగా కొట్టేవాడు ఒకడు దిగారనుకోండి. మీరు ఫారిజిరాఫ్, ఇన్సినెరోర్‌లతో మొదలుపెట్టండి. ఇంటిమిడేట్ పడింది, ఇద్దరి అటాక్ తగ్గింది. ఇన్సినెరోర్‌తో ఆ కొట్టేవాడి మీద ఫేక్ అవుట్, ఫారిజిరాఫ్‌తో ట్రిక్ రూమ్. విమ్సికాట్ ప్రాంక్‌స్టర్ టాంట్ వేస్తే ఆర్మర్ టెయిల్ ఆపేస్తుంది. టెయిల్‌విండ్ వేస్తే ఆపలేం, ఆపాల్సిన అవసరమూ లేదు. టర్న్ చివర్లో ట్రిక్ రూమ్ పడగానే వాళ్ల రెట్టింపైన స్పీడే వాళ్లను వరుసలో చివరికి నెడుతుంది.

రెండో టర్న్‌లో ఇన్సినెరోర్ పార్టింగ్ షాట్ వేసి వెనక్కి వెళ్తుంది, సాలీడు దిగుతుంది. మూడో టర్న్ నుంచి లిక్విడేషన్. ఎదుటివాడు రాక్ స్లైడో హీట్ వేవో వేస్తాడని గట్టి అనుమానం ఉంటే ఆ ఒక్క టర్న్ వైడ్ గార్డ్. ఎండ తెచ్చే టోర్కోల్ ఎదురైనప్పుడు ఇది తప్పనిసరి. దాని కనిష్ఠ స్పీడ్ 22, ట్రిక్ రూమ్‌లో అందరికన్నా ముందుంటుంది. హెచ్‌పీ నిండుగా ఉన్నప్పుడు దాని ఎరప్షన్ బలం 150. ఎండలో మన నీటి మూవ్ బలం సగానికి పడిపోతుంది కూడా. వైడ్ గార్డ్ ప్రయారిటీ మూవ్ కాబట్టి 22కన్నా ముందే పడి ఎరప్షన్‌ను ఆపుతుంది, ఆ సందులో పక్కనున్న రైపీరియర్ కొట్టాలి. భూమి, రాయి రెండూ టోర్కోల్‌కు పడవు.

పరీక్షించే పద్ధతి

స్మోగాన్ సైట్‌లో ప్రతి నెలా ఏ పోకెమాన్ ఎంత వాడుకలో ఉందో లెక్కలు పెడతారు. మీ ఫార్మాట్‌లో పైనున్న పన్నెండింటిని నోట్‌బుక్ చివరి పేజీలో నిలువుగా రాయండి. ఒక్కోదాని ఎదురుగా ‘దీన్ని ఎవరు కొడతారు, దీని దెబ్బ ఎవరు తింటారు’ అని మీ ఆరుగురిలోంచి పేర్లు రాయండి. ఎక్కడ ఖాళీ మిగిలితే అక్కడ టీమ్‌కు చిల్లు ఉన్నట్టు. డ్యామేజ్ కాలిక్యులేటర్ తెరిచి ఆ దెబ్బలను సరిచూసుకోండి. ఒకే దెబ్బకు పదహారు రకాల అంకెలు రావచ్చు, 85 శాతం నుంచి 100 శాతం వరకు. ‘బహుశా చస్తుంది’ అన్నదాన్ని లెక్కలోకి తీసుకోవద్దు, కనిష్ఠ అంకెతో కూడా పడిపోతేనే టిక్కు పెట్టండి.

తర్వాత మీ సోపతిగాళ్లతో ఆడండి. షోడౌన్‌లో టీమ్‌ను టెక్స్ట్‌గా మార్చి వాట్సాప్‌లో పంపొచ్చు. ముందే మీ టీమ్ వాళ్లకు పంపేసి, తీరిగ్గా చదివాక ఆడమనండి. మిర్యాలగూడలో ఒకడు, వనపర్తిలో ఒకడు ఉన్నా ఫర్వాలేదు, యూజర్ నేమ్ కొట్టి చాలెంజ్ పంపితే చాలు. అన్నీ తెలిసినవాడు కూడా మీ ట్రిక్ రూమ్‌ను ఆపడానికి తంటాలు పడుతున్నాడంటే అప్పుడు లాడర్ ఎక్కండి. బస్సులో మన్ననూరు దాటి శ్రీశైలం అడవిలోకి వెళ్తూ మాత్రం ఆట మొదలుపెట్టకండి, సిగ్నల్ పోయినా టైమర్ ఆగదు.

లాడర్ 1000 పాయింట్ల దగ్గర మొదలవుతుంది. మొదట్లో ఓడిపోతే పరేషాన్ కావద్దు, కొత్త టీమ్ చేతికి అలవాటు కావడానికి టైం పడుతుంది. ఓడిన ప్రతి ఆట రీప్లే సేవ్ చేసి, ఏ టర్న్‌లో ఆట చేజారిందో ఒక్క లైను రాయండి. ‘దురదృష్టం’ అని రాయకండి. రాక్ స్లైడ్ పదిసార్లలో ఒకసారి తప్పుతుందని ముందే తెలుసు, దాని మీదే ఆటంతా వేలాడదీసిన టర్న్ ఏదో రాయండి.

ఒకే కారణం మళ్లీ మళ్లీ కనిపిస్తే అప్పుడు మార్చండి, ఒకసారికి ఒక్కటే. ముందు ఐటెమ్, కుదరకపోతే మూవ్, తర్వాత ఈవీలు, అన్నిటికన్నా చివరన పోకెమాన్. రెండు మూడు ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు. అరాక్వానిడ్‌నే తీసేయాలనిపిస్తే ముందు రీప్లేల్లో అది ఎన్నిసార్లు ట్రిక్ రూమ్ ఉండగా బరిలో ఉందో చూడండి. ట్రిక్ రూమ్ లేకుండా దింపి ఓడిన ఆటలే ఎక్కువుంటే, మార్చాల్సింది సాలీడును కాదు, ఆటకు మీరు నలుగురిని ఎంచుకునే తీరును.